కప్పు కింద ఏముంటుంది

ఎమ్మెరాం హుట్టింగర్ వడ్రంగి మేస్త్రీ. ఇళ్ళకూ కొట్టాలకూ కలపతో చట్రం నిలబెట్టి, పైన వాసాలు ఎక్కించడం అతని పని. తలుపులు, బల్లలు ముట్టుకునేవాడు కాదు. ఎవరైనా కాలు విరిగిన కుర్చీ పట్టుకొస్తే, "నేను నిలబడేవాటి మేస్త్రీని, కూర్చునేవాటికి వేరే ఆయనున్నాడు" అని పంపేసేవాడు. పది వేళ్ళకు తొమ్మిదిన్నర మిగిలాయి. నలభై ఏళ్ళ పనికి అర వేలు పెద్ద ఖర్చు కాదనేవాడు.

పుట్టింది రోట్ నది లోయలో, ఐహెన్‌రీడ్ అనే చిన్న ఊళ్ళో. పని నేర్చుకోవడం పూర్తయ్యాక, ఆ వృత్తి ఆనవాయితీ ప్రకారం నల్ల బట్టలు తొడుక్కుని, మూడేళ్ళ మీద ఒక రోజు పాటు సొంత ఊరి పొలిమేర తొక్కకుండా దేశమంతా తిరిగాడు. తిరిగొచ్చాక కాసియన్ అనే పెద్ద మేస్త్రీ దగ్గర ఎనిమిదేళ్ళు చేశాడు. కాసియన్ పెద్దగా మాట్లాడేవాడు కాదు. మాట్లాడిన కొద్దిలో ఒక మాట ఎమ్మెరాం మనసులో మేకులా దిగింది. అది పద్యం గురించి.

ఆ ప్రాంతంలో చట్రం లేచి, ఆఖరి వాసం పడిన రోజు పండుగ చేస్తారు. దేవదారు లాంటి చిన్న స్ప్రూస్ చెట్టు ఒకటి నరికి, రంగు కాగితాలు కట్టి, అన్నిటికన్నా పైనున్న దూలానికి మేకులతో కొడతారు. మేస్త్రీ గ్లాసు పట్టుకుని పైకెక్కి, కింద నిలబడ్డవాళ్ళకు వినపడేలా పద్యం చెప్తాడు. ఆ కప్పు కింద ఉండబోయే మనుషులకూ పశువులకూ మేలు కోరతాడు. గ్లాసు ఖాళీ చేసి కిందికి విసురుతాడు. పగిలితే ఇంటికి మంచిది.

"పైనుంచి అబద్ధం చెప్పకు" అన్నాడు కాసియన్. "కింద నిలబడి చెప్పు, కావాలంటే. అందరం చెప్తాం. పైనుంచి చెప్తే మాత్రం ఇల్లు వింటుంది."

చాలామంది మేస్త్రీలు అచ్చు పుస్తకంలో పద్యం చదివేసి దిగిపోయేవాళ్ళు. అందులో ఎప్పుడూ ఆవులుంటాయి, పిల్లలుంటారు, నిండిన గాదెలుంటాయి. ఎమ్మెరాం ప్రతి ఇంటికీ వేరేగా రాసుకునేవాడు. లోపల ఏముంటుందో ముందే అడిగి, అదే చెప్పేవాడు. ఒక కొట్టానికి ఇరవై రెండు ఆవులనీ, వాటిలో ఒకటి తంతుందనీ చెప్పాడు. ఒక ఇంటికి, ఈ గదిలో అత్తగారు ఉంటారు, తలుపు దళసరిగా పెట్టాం అని చెప్పాడు. అత్తగారే ముందు నవ్వింది.

తొంభైల చివరికి ఆ లోయలో కొత్త కొట్టాలు కట్టేవాళ్ళు కరువయ్యారు. పాల రేటు చూసి ఎవరికీ ధైర్యం చాలేది కాదు. ఎమ్మెరాం పాత కప్పులకు పెంకులు మారుస్తూ, చర్చి గోపురంలో పుచ్చిన దూలాలు తీస్తూ కాలం నెట్టుకొచ్చాడు.

రెండువేల రెండులో బడి పంతులు తన ఇంటి కప్పు మీద పన్నెండు సోలార్ పలకలు పెట్టించాడు. ఆ ఖర్చుతో ఒక కారు వచ్చేది. పంతులు ఎండని అమ్ముకుంటున్నాడని బీరు సత్రంలో నవ్వుకున్నారు. చట్టం వచ్చిందని, కప్పు మీద పుట్టిన ప్రతి యూనిట్‌నూ కరెంటు కంపెనీ ఇరవై ఏళ్ళు ఒకే రేటుకు కొనాలని పంతులు ఎంత చెప్పినా ఎవరూ చెవిన పెట్టలేదు. రెండేళ్ళకు ఆ నవ్వినవాళ్ళలో ఒకడు తన కొట్టం కప్పంతా పలకలు పరిచాడు. తర్వాత నవ్వడానికి ఎవరూ మిగల్లేదు.

విషయం సులువు. పలకల్ని కరెంటు లైనుకు ముందు కలిపినవాడికి ఎక్కువ రేటు. అది అతనికి ఇరవై ఏళ్ళు కదలదు. తర్వాత కలిపినవాడికి తక్కువ. ఏటా జనవరికి రేటు ఒక మెట్టు దిగేది. పలకల ధర కూడా దిగేది, ఒక్కో ఏడు రేటు కన్నా వేగంగా దిగేది. అలా దిగిన ఏడు లోయలో పరుగు మొదలయ్యేది. ఇళ్ళ కప్పులు నిండాయి. కొట్టాల కప్పులు నిండాయి. ఇక కావలసింది కొత్త కప్పులు.

అప్పుడు ఎమ్మెరాం గుర్తొచ్చాడు.

ఆరేళ్ళలో పంతొమ్మిది కొట్టాలు లేపాడు. అంతకు ముందు ఇరవై ఏళ్ళలో అన్ని లేపలేదు. పని దొరికినందుకు సంతోషించాడు, దాచుకోలేదు. కానీ వెనకటి రైతు వచ్చి ఇన్ని ఆవులకు కావాలనేవాడు. ఇప్పటి రైతు ఇన్ని చదరపు మీటర్లు కావాలి, దక్షిణానికి తిరగాలి అంటున్నాడు. రెండు వాలుల కప్పు ఎవరికీ అక్కర్లేదు. ఒకే వాలు, దక్షిణానికి. ఉత్తరం వైపు నిలబడి చూస్తే, సగం ఇల్లు ఎవరో కోసి తీసుకుపోయినట్టు గోడ ఒక్కటే కనిపించేది.

"మన కరెంటు బిల్లులో యూనిట్‌కి రెండు సెంట్లు ఎక్కువ వేస్తున్నారు" అంది అతని భార్య ఆఫ్రా ఒక సాయంత్రం. "వాళ్ళ పలకల కోసమట. వాళ్ళ కప్పు నువ్వు కడుతున్నావు, పైగా దాని ఖర్చు నేను కడుతున్నాను. ఈ ఊళ్ళో మనంత మంచివాళ్ళు లేరు."

"వాళ్ళు నాకు కూలి ఇస్తున్నారు కదే."

"అందుకే తిట్టకుండా చెప్తున్నా."

అయినా ఆ పంతొమ్మిదింటి కిందా ఏదో ఒకటి ఉండేది. ట్రాక్టర్లు, గడ్డి, బంగాళాదుంపలు, ఒక చోట ఎవరూ ఎక్కని పాత గుర్రబ్బండి. ఉన్నదాన్ని పద్యంలో పెట్టేవాడు. ఇరవయ్యోది వాల్‌బుర్గా ష్రెడింగర్‌ది.

వాల్‌బుర్గాకు యాభై ఏడేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే ఆవులు ఒప్పుకోలేదనేది. ముప్పై ఒక్క ఆవుల్ని ఒక్కతే చూసుకుంది. రెండువేల తొమ్మిదిలో పాల రేటు లీటరు ఇరవై రెండు సెంట్లకు పడింది. అదే ఏడు ఆమె కట్టాలనుకున్నంత కప్పు మీద పుట్టే కరెంటుకు యూనిట్‌కు నలభై సెంట్లకు పైగా ఇస్తున్నారు. అక్టోబర్‌లో ఆవులన్నిటినీ అమ్మేసింది. ఆఖరిది బండెక్కాక పాత కొట్టం కడిగి, ఆ మధ్యాహ్నమే బ్యాంకుకు వెళ్ళింది. ఊరి బయట తన పొలంలో కొత్త కొట్టం కట్టుకోవడానికి అనుమతి తెచ్చుకుంది. పొలంలో కట్టుకోవడానికి ఒకటే షరతు, అది వ్యవసాయానికే పనికిరావాలి. అనుమతి కాగితం మీద 'పశువులకూ ఎండుగడ్డికీ' అని రాసి, కింద జిల్లా కట్టడాల ఆఫీసు అధికారి డెగ్గెల్ గారు సంతకం పెట్టారు.

రెండువేల పది జూన్ మొదటి వారంలో స్తంభాలు నిలిచాయి, దూలాలు పడ్డాయి. ఎమ్మెరాం కింద ఇసుక కుప్ప పక్కన కూర్చుని రొట్టె తింటున్నాడు. వాల్‌బుర్గా కాఫీ తెచ్చింది.

"బుర్గీ, లోపల ఏం పెడుతున్నావు?" అన్నాడు.

"కాగితంలో ఉందిగా. పశువులు, గడ్డి."

"పశువుల్ని అమ్మేశావు."

"గడ్డి పెడతా."

"ఎవరు తింటారు?"

"నీకు పంపిస్తాలే." ఆమె అతనికి కాఫీ పోసింది. "ఏమీ పెట్టను మేస్త్రీ. ఊడ్చి తాళం వేస్తా. నలభై ఏళ్ళు పొద్దున్నే నాలుగున్నరకి లేచాను. ఇకమీదట పైన ఎండ లేస్తుంది, కింద నేను పడుకుంటా. తప్పా?"

"తప్పేం లేదు. పద్యంలో ఏం చెప్పను?"

"ఆవులు, దూడలు, గాదెలు. అందరూ చెప్పేదే. కావాలంటే అచ్చు పుస్తకం కొనిస్తా."

"లేని ఆవుల్ని పైకెక్కి ఎలా చెప్పను?"

"నువ్వు వడ్రంగివా, ఫాదరువా?"

"పద్యం లేకుండా చెట్టు దూలానికి కొట్టేసి దిగిపోతాను, పోనీ."

"పద్యం లేకపోతే డెగ్గెల్ ఎందుకు లేదని అడుగుతాడు."

"డెగ్గెల్‌ని ఎవరు పిలిచారు?"

వాల్‌బుర్గా కాఫీ కూజా మూత బిగించింది. మళ్ళీ తీసి మళ్ళీ బిగించింది.

"నేనే" అంది.

అక్కడ కట్టడంలో చెయ్యి పెట్టిన ప్రతివాళ్ళనీ పండుగకు పిలవాలి. ఇసుక తోలినవాడి దగ్గర్నుంచి ముద్ర కొట్టినవాడి దాకా. పిలవకపోతే చెంపదెబ్బ కొట్టినట్టే. ఆమె తల్లి అలాగే పిలిచింది, అమ్మమ్మ అలాగే పిలిచింది. వాల్‌బుర్గా కూడా జాబితా రాసుకుని, ఆలోచించకుండా అందరికీ కార్డులు పంపేసింది. డెగ్గెల్ గారు తప్పకుండా వస్తానని చక్కటి చేతిరాతతో జవాబు రాశారు.

"విను" అంది గొంతు తగ్గించి. "ఈసారి రేటు జనవరి దాకా ఆగట్లేదు. జులై ఒకటినే దించేస్తున్నారు. ఈ నెలాఖరులోపు కలిపితే ముప్పై ఏడు, దాటితే ముప్పై రెండు, ఇరవై ఏళ్ళూ అంతే. బ్యాంకు వాయిదా ముప్పై ఏడు మీద వేసుకున్నాను. నువ్వు పైకెక్కి కింద ఏమీ లేదన్నావనుకో, డెగ్గెల్ పని ఆపిస్తాడు. పది రోజులు ఆపితే చాలు, నా పొలం పోతుంది. ఒక్క అబద్ధం మేస్త్రీ. నీకేం పోయింది?"

ఎమ్మెరాం మిగిలిన రొట్టె కాగితంలో చుట్టి పెట్టుకున్నాడు. లేచి పనిలోకి వెళ్ళాడు.

ఇంటికెళ్ళి కాగితం ముందు పెట్టుకున్నాడు. పైభాగం తేలిగ్గానే వచ్చింది. కలప గురించి, గాలి గురించి, ఎండ గురించి. కింది భాగం దగ్గర పెన్సిల్ ఆగిపోయింది. ఆవులు అని రాసి కొట్టేశాడు. ఆఫ్రా భుజం మీదుగా చూసింది.

"కోడి అని రాయి. ఒక కోడిని నేనిస్తాను."

"ఒక కోడికి ఆరు వందల చదరపు మీటర్లా?"

"తిరగనీ పాపం."

శుక్రవారం మధ్యాహ్నం పండుగ. కొత్త చట్రం కింద బల్లలు వేశారు. కాల్చిన పంది మాంసం, బంగాళాదుంప ఉండలు, రెండు బీరు పీపాలు. ముప్పై మంది దాకా వచ్చారు. డెగ్గెల్ గారు సైకిల్ మీద వచ్చారు. సన్నగా, బట్టతలతో, మాట మెత్తగా ఉండే మనిషి. రెండు ఉండలు తిని, మూడోదానికి కంచం చాపి, చుట్టూ చూశారు.

"చక్కటి కట్టడం వాల్‌బుర్గా గారూ. ఎన్ని పశువులు పడతాయి?"

"పద్యంలో వస్తుంది. వినండి" అంది ఆమె. అని ఎమ్మెరాం వైపు చూసింది. ఆ చూపులో బతిమాలడం లేదు. చంపేస్తానని ఉంది.

ఎమ్మెరాం టోపీ పెట్టుకుని నిచ్చెన ఎక్కాడు. వెనక అతని దగ్గర పదిహేనేళ్ళుగా చేస్తున్న సెవెరిన్ సీసా పట్టుకుని ఎక్కాడు. చెట్టు ముందే దూలానికి కొట్టి ఉంది. కాగితాలు గాలికి టపటపలాడుతున్నాయి.

"రాశావా?" అన్నాడు సెవెరిన్ గ్లాసు నింపుతూ.

"సగం."

"మిగతా సగం?"

"చూద్దాం."

"మేస్త్రీ, కిందకి దిగాక ఆవిడ చేతిలో పడేది నువ్వొక్కడివే కాదు, నేనూ ఉన్నా. గుర్తుపెట్టుకో."

ఎమ్మెరాం పై దూలం మీద కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. కింద మాటలు ఆగాయి. జేబులో కాగితం తియ్యలేదు.

"ఇక్కణ్ణుంచి మన ఊరు కనిపిస్తోంది.
నేను పని నేర్చుకున్నప్పుడు పెంకులతో ఎర్రగా ఉండేది.
ఇప్పుడు దక్షిణమంతా నీలం పలకలే.
ఈ కప్పుకి రెండు వాలులు లేవు, ఒక్కటే ఉంది.
అడిగినవాళ్ళు అడిగారు, కట్టినవాడు కట్టాడు.
వాసాలు మంచివి. ముడి లేని కలప.
మంచుకి వంగవు, గాలికి లేవవు.
పైన ఎండ పని చేస్తుంది. దానికి జీతం ఖాయం.
ఇంతవరకూ నాకు తెలుసు."

ఆగాడు. కిందనున్న ముఖాలన్నీ పైకెత్తి ఉన్నాయి. డెగ్గెల్ గారు ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. వాల్‌బుర్గా బీరు పీపా పక్కన కదలకుండా నిలబడి ఉంది.

"కప్పు కింద ఏముంటుందో నేను చెప్పాలి.
నేను కప్పు మేస్త్రీని.
నేల వాల్‌బుర్గాది. అది ఆమే చెప్తుంది."

ఇలా ఎవరూ ఎప్పుడూ వినలేదు. పద్యం మధ్యలో ఇంటావిడని అడగడం ఎక్కడా లేదు. ఇసుక తోలినవాడు దగ్గాడు. అందరూ ఆమె వైపు తిరిగారు. డెగ్గెల్ గారు కూడా తిరిగారు.

వాల్‌బుర్గా ముఖం మెడ దాకా ఎర్రబడింది. చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టింది.

"పన్నెండు పెయ్యలు!" అని అరిచింది పైకి. "సోమవారం వస్తాయి! వినపడిందా మేస్త్రీ? పన్నెండు! ఇప్పుడు ఆ గ్లాసు తాగి దిగు, లేకపోతే నిచ్చెన తీయించేస్తా!"

ముప్పై మందీ ఒక్కసారి నవ్వారు.

"పన్నెండు పెయ్యలు, సోమవారం" అన్నాడు ఎమ్మెరాం పైనుంచి, గట్టిగా, ఒక్కో మాటా విడదీసి. "అవి బాగుండాలి. వాటిని చూసుకునే ఆవిడ బాగుండాలి." తాగి, గ్లాసు విసిరాడు. అది పోయి ఇసుక కుప్పలో పడింది. పగల్లేదు. కింద ఎవరో అయ్యో అన్నారు. వాల్‌బుర్గా నడిచి వెళ్ళి, బూటు మడమతో ఒక్కటి తొక్కింది. చప్పుడు పైదాకా వినపడింది.

"మంచిది" అన్నారు డెగ్గెల్ గారు చప్పట్లు కొడుతూ. "సెప్టెంబర్‌లో ఇటు వస్తాను వాల్‌బుర్గా గారూ. పెయ్యలంటే నాకు ఇష్టం."

పని ఎవరూ ఆపలేదు. మర్నాడే పలకలు బిగించేవాళ్ళు దిగారు. ఆ నెలలో వాళ్ళు నిద్రపోయినట్టు ఎవరికీ తెలియదు, లోయలో అందరికీ అదే తారీఖు కావాలి. జూన్ ఇరవై ఎనిమిదిన మీటర్ తిరిగింది. ముప్పై ఏడు ఖాయమైంది.

అంతకు ముందే, పండుగ తర్వాత వచ్చిన సోమవారం, వాల్‌బుర్గా సంతకు వెళ్ళింది. ఊరంతా చూస్తుండగా చెప్పిన మాట. చెప్పింది మేస్త్రీ అయితే మేస్త్రీ మాట అనొచ్చు. తన నోటితోనే చెప్పింది. బ్యాంకు ఇచ్చినదాంట్లో మిగిలింది నాలుగు పెయ్యలకు వచ్చింది. నాలుగే తెచ్చుకుంది. పాలు పిండే పని లేదు కాబట్టి నాలుగున్నరకు బదులు ఆరింటికి లేచింది.

సెప్టెంబర్‌లో డెగ్గెల్ గారు చెప్పినట్టే సైకిల్ మీద వచ్చారు. వాన గొట్టం బిగించడానికి ఆ పూట సెవెరిన్ అక్కడే ఉన్నాడు. తర్వాత సత్రంలో ఎన్నోసార్లు చెప్పాడు.

"పన్నెండన్నారు వాల్‌బుర్గా గారూ."

"అన్నాను."

"ఇక్కడ నాలుగే ఉన్నాయి."

"మిగతా ఎనిమిదీ పైన మేస్తున్నాయి."

డెగ్గెల్ గారు తలెత్తి కప్పు వైపు చూశారట. చాలాసేపు చూశారట.

"ఈ నాలుగింటి వల్ల ఏమైనా మిగులుతుందా?"

"పాలివ్వవు కదండీ. అందుకని నష్టం లేదు."

ఆయన జేబులోంచి కాగితం తీసి, 'పశువులు ఉన్నాయి' అని రాశారు. ఎన్ని అన్నచోట ఏమీ రాయలేదు. ఒక పెయ్య నుదురు నిమిరి, సైకిలెక్కారు.

ఆ తర్వాత ఎమ్మెరాం దగ్గరికి కొట్టం కట్టమని వచ్చే రైతులు కొలతల కన్నా ముందు వేరే మాట చెప్పేవాళ్ళు. "మేస్త్రీ, ట్రాక్టర్లకే. నిజం ట్రాక్టర్లకే. వచ్చి చూసుకో." ఒకాయన ఫోటో తెచ్చాడు. ఇంకొకాయన మేకను బండిలో ఎక్కించుకుని తెచ్చి, అతని వాకిట్లో దించి చూపించాడు. మేక ఆఫ్రా పూలమొక్కలు తినేసింది.

అదీ ఎంతో కాలం సాగలేదు. రేటు ఇరవై సెంట్ల కిందికి దిగింది. కప్పు కోసం కొట్టం కట్టేవాళ్ళు ఆగిపోయారు. పలకలు బిగించే కంపెనీలు రెండు మూతపడ్డాయి. పలకల ధర మాత్రం దిగుతూనే పోయింది. ఇప్పుడు ఆ లోయలో చెక్క కన్నా చవకని, పెరటి చుట్టూ వాటినే కంచెగా నిలబెడుతున్నారు. వాటికి మేస్త్రీ అక్కర్లేదు. ఎమ్మెరాం అరవై మూడో ఏట రంపం గోడకు తగిలించాడు. అతని సొంత ఇంటి కప్పు తూర్పు పడమరలకు వాలి ఉంటుంది. దాని మీద ఎప్పుడూ ఏమీ పెట్టలేదు.

వాల్‌బుర్గా అతనితో మాట్లాడటానికి రెండేళ్ళు పట్టింది. చర్చి దగ్గర ఎదురైతే ఆఫ్రాను పలకరించి, పక్కనున్న మనిషిని స్తంభాన్ని చూసినట్టు చూసేది. ఒక ఆదివారం బీరు సత్రంలో నేరుగా అతని బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"నాలుగు పెయ్యలు మేస్త్రీ" అంది. "నీ పద్యానికి నాకు అంత ఖర్చయింది."

"నువ్వు పన్నెండన్నావు" అన్నాడు ఎమ్మెరాం. "మిగతా ఎనిమిదీ ఏవని నేనేమన్నా వచ్చి అడిగానా?"

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, తనకొక గ్లాసు తెమ్మని చెప్పింది.